తొమ్మిది వేలు కోసేశారు! మంచం మీది మనిషిని ఇక ఎవరు ఎత్తాలి?

మంచాన పడ్డ మనిషిని ఇంట్లో పెట్టుకుని సాకుతున్న అక్కల్లారా, అన్నల్లారా!

ఈ కాగితం మడిచి జేబులో పెట్టుకోకండి. ఇక్కడే నిలబడి చదవండి. చదువు రాని పక్కింటి పెద్దమ్మకు చదివి వినిపించండి. ఇది మన ఇంటి సంగతి!

మన ఇళ్ళకు నోటీసులొచ్చాయి. మంచం దిగలేని మనిషికి 85 శాతం వైకల్యం లేదట! పదిహేను వేల పింఛను ఆరు వేలకు దిగుతుందట! ఇంకొకరిది తాత్కాలిక వైకల్యమట, అసలు అర్హతే లేదట! శాతం చాలని ముసలివాళ్ళను వికలాంగుల లెక్కలోంచి తీసి వృద్ధాప్య పింఛన్లో కలుపుతారట, నాలుగు వేలు చేతిలో పెట్టి!

పుట్టినప్పటి నుంచి మెడ నిలవని పిల్లది తాత్కాలిక వైకల్యమా? లారీ గుద్ది వెన్నుపూస విరిగిన మనిషి ఎన్నాళ్ళకు లేచి నడుస్తాడు? ఎవరికి తెలుసు ఈ సంగతి? రాత్రీ పగలూ పక్కన కూర్చున్న మనకా, రెండు నిమిషాలు చూసి వెళ్ళినవాళ్ళకా?

ఉన్నమాట ఉన్నట్టు చెప్పుకుందాం. 2024 జులైలో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పింఛన్లు పెంచింది. వికలాంగులకు 3,000 ఉన్నది 6,000 అయింది. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు, కండరాల క్షీణత ముదిరినవాళ్ళకు, ప్రమాదాల్లో కదల్లేకుండా పోయినవాళ్ళకు 5,000 ఉన్నది 15,000 అయింది. మంచి పని. ఇచ్చిన రోజు చేతులెత్తి దణ్ణం పెట్టాం. ఇవాళ కూడా ఆ మాట వెనక్కి తీసుకోం.

ఆ డబ్బుతో మనం ఏం చేశాం? మందుల షాపు బాకీ తీర్చాం. పుండ్లు పడకుండా ఎయిర్ బెడ్ కొన్నాం. కూలికి పోయే తల్లి కూలి మానేసి బిడ్డ పక్కన కూర్చుంది. ఇంటర్ మధ్యలో మానేసిన చెల్లెల్ని మళ్ళీ కాలేజీకి పంపాం. ఆ పదిహేను వేలను నమ్ముకుని ఇల్లంతా సర్దుకున్నాం.

ఆరు నెలలు తిరిగేసరికి, 2025 జనవరిలో, తనిఖీ మొదలైంది. పదిహేను వేలవాళ్ళ ఇళ్ళకు డాక్టర్ల బృందాలొచ్చాయి. ఆరు వేలవాళ్ళను ఆసుపత్రులకు పిలిచారు. ఆగస్టు వచ్చేసరికి లక్షమందికి పైగా నోటీసులు! రాష్ట్రంలో వికలాంగ పింఛన్లు ఎనిమిది లక్షల దాకా ఉంటాయి. అంటే మన వీధిలో ఎనిమిది మందికి పింఛనొస్తుంటే, అందులో ఒకరి ఇంట్లో పొయ్యి మీద నీళ్ళు పోశారన్నమాట!

అప్పుడేమైంది? ఊరూరా వికలాంగులు రోడ్డెక్కారు. చక్రాల కుర్చీల్లో, మూడు చక్రాల బండ్లలో, తల్లుల భుజాల మీద కలెక్టరేట్లకొచ్చారు. ప్రభుత్వం దిగొచ్చింది. అర్హులకు అన్యాయం జరగదన్నారు. అప్పీలు పెట్టుకోండి, మళ్ళీ పరీక్ష చేస్తాం అన్నారు. గట్టిగా అడిగాం కాబట్టి ఆ మాట వచ్చింది. కానీ మాట వేరు, చేతికొచ్చే కాగితం వేరు. అప్పీలు పెట్టినవాళ్ళను మళ్ళీ అదే ఆసుపత్రి వరండాలో, అదే శాతాల లెక్కతో కూర్చోబెడితే న్యాయం ఎక్కడి నుంచి వస్తుంది?

లెక్క చెప్పమంటారా? చెబుతాం. ఆ లెక్క మనకంటే బాగా ఎవరికి తెలుసు!

పదిహేను వేలంటే రోజుకు 500. ఆరు వేలంటే రోజుకు 200. కోసింది రోజుకు 300 రూపాయలు. ఉపాధి హామీ పనికి పోతే 2025-26లో రోజు కూలి 307 ఉండేది. అంటే ఏమిటి? పిల్లాడి పక్కన కూర్చున్నందుకు తల్లికి దొరికిన ఒక రోజు కూలిని తీసేశారు! ఆ తల్లి మళ్ళీ పనికి పోవాలి. మరి పిల్లాడి దగ్గర ఎవరుంటారు?

మంచాన ఉన్న మనిషికి ఇరవై నాలుగు గంటలూ ఎవరో ఒకరు కావాలి. రోజుకు 200 అంటే గంటకు ఎనిమిది రూపాయలు. ఎనిమిది రూపాయలకు ఇవాళ టీ కూడా రాదు! గంటసేపు ఒక మనిషిని చూసుకోవడం టీ కంటే చవకా?

పెద్దవాళ్ళ డైపరు ఒకటి 35 రూపాయలు. రోజుకు మూడు కావాలి. నెలకు 3,150. ఆరు వేలల్లో సగం అక్కడే అయిపోయింది. ఇంకా యూరిన్ పైపు, బ్యాగు, దూది, గాజుగుడ్డ, పుండు మందు, మలబద్ధకం మందు, ఫిట్స్ మాత్రలు. ఎయిర్ బెడ్ మోటారుకు రాత్రంతా కరెంటు. ఇక తిండి ఎప్పుడు? ఏజెన్సీ నుంచి మనిషిని పెట్టుకుందామంటే విజయవాడలో, విశాఖలో నెలకు ఇరవై వేలు అడుగుతున్నారు. ఆ ఊసు మనకెందుకు, ఆ ఏజెన్సీ మనిషి మన ఊరికి రానే రాదు. మన ఇంట్లో ఏజెన్సీ అంటే అమ్మే!

అమ్మ రోజు ఎట్లా గడుస్తుందో పై అధికారులకు తెలియదు. తెలిసేట్టు చెబుదాం.

తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. ముందు దుప్పటి కింద చెయ్యి పెట్టి చూస్తుంది, తడిసిందా లేదా అని. తడిస్తే ఇరవై రెండేళ్ళ కొడుకును ఒక పక్కకు దొర్లించాలి. వాడి బరువు అరవై కిలోలు. ఆమె బరువు నలభై ఐదు. మోకాలు మంచం మీద ఆనించి, వాడి భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టి, పళ్ళు బిగబట్టి లాగుతుంది. పాత గుడ్డ తీసి కొత్తది సగం మడిచి కిందికి తోస్తుంది. మళ్ళీ ఇటు దొర్లించి ఆ సగం బయటికి లాగుతుంది. నడుం దగ్గర చర్మం ఎర్రబడిందేమో లైటు వేసి చూస్తుంది. ఎర్రబడితే గుండె జారిపోతుంది. ఇవాళ ఎర్రగా ఉన్నది రేపు పొక్కవుతుంది, వారానికి గుంటవుతుంది, నెలకు ఎముక కనబడుతుంది. అందుకే రాత్రి రెండు గంటలకోసారి లేచి పక్క మార్చాలి. నిద్రలో అలారం మోగకపోయినా లేస్తుంది. ఏళ్ళ తరబడి ఒక్క రాత్రి కూడా పూర్తిగా నిద్రపోలేదు ఆ తల్లి!

తర్వాత పళ్ళు తోమాలి. జావ స్పూనుతో పెట్టాలి. మెడ కింద చెయ్యి పెట్టి తల కాస్త పైకెత్తకపోతే జావ గొంతుకు అడ్డం పడుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక గిన్నె జావకు ముప్పావుగంట. ఆ ముప్పావుగంటలో పొయ్యి మీద అన్నం మాడుతుంది. బయట ఎవరో పిలుస్తారు. ఆమె లేవదు. లేస్తే వాడు పొలమారతాడు.

ఇది పని కాదా? దీనికి కూలి లేదా? నైపుణ్యం లేదా? ఆసుపత్రిలో ఇదే పని నర్సు చేస్తే జీతం ఇస్తారు. ఇంట్లో తల్లి చేస్తే కర్మ అంటారు!

ఆమె ఒంటి సంగతి ఎవరైనా అడిగారా? నడుం పట్టేసింది. డిస్కు జారిందన్నారు, బరువులెత్తొద్దన్నారు. బరువు ఎత్తకపోతే కొడుకు మంచంలో కుళ్ళిపోతాడు. గర్భసంచి ఆపరేషన్ చేయించుకోమన్నారు, నెలరోజులు పడక మీద ఉండాలట. ఆమె పడుకుంటే వాణ్ణి ఎవరు లేపుతారు? అందుకే ఆ చీటీ బీరువాలో చీర కింద ఉండిపోయింది. మన ఊళ్ళల్లో ఎన్ని బీరువాల్లో ఇట్లాంటి చీటీలున్నాయో చేతులెత్తి చెప్పండి!

ఆడపిల్లయితే? పెద్దమనిషైన పిల్ల, మాట రాని పిల్ల మంచాన ఉంటే ఆ తల్లి తలుపు దాటి పోగలదా? ఎవరిని నమ్మి ఇల్లు వదుల్తుంది? నెలసరి రోజుల్లో ఆ పిల్లకు గుడ్డ మార్చడం ఏ పక్కింటావిడను అడగ్గలదు? పింఛను తెగితే ఈ తల్లి బయటికి పనికి పోవాలి. పోతే ఆ పిల్ల గడియ పెట్టిన గదిలో ఒక్కతే. ఈ మాట రాస్తుంటే చెయ్యి వణుకుతోంది. కానీ జరగబోయేది ఇదే!

ఇక శాతాల సంగతి. 85 శాతం ఉంటే పదిహేను వేలు. 84 ఉంటే ఆరు వేలు. ఒక్క శాతానికి తొమ్మిది వేలు! ఆ ఒక్క శాతం ఎక్కడుంటుంది ఒంట్లో? చిటికెన వేలు కదిలితే ఒక శాతం పోతుందా?

అసలు తప్పు ఇక్కడే ఉంది. వాళ్ళు కొలిచేది కండరం ఎంత పోయింది, కీలు ఎంత వంగుతుంది అని. మనం అడిగేది ఆ మనిషికి రోజుకు ఎన్ని గంటలు ఇంకో మనిషి కావాలి అని. కుడి చెయ్యి కాస్త లేస్తుంది కాబట్టి శాతం తగ్గించారు. సరే. ఆ చెయ్యితో అన్నం కలుపుకోగలడా? నీళ్ళ గ్లాసు అందుకోగలడా? దోమ కుడితే తోలుకోగలడా? ఆ ప్రశ్న ఆ ఫారంలో ఎక్కడా లేదు. ఉండాలి! ఎన్ని గంటల సాయం కావాలో చూసి పింఛను నిర్ణయించాలి. ఇంట్లో మంచం పక్కన రోజు మొత్తం గమనించి నిర్ణయించాలి. లేదంటే సాకే మనిషిని పక్కన కూర్చోబెట్టి, ఆమె చెప్పింది రాసుకోవాలి.

పరీక్షకు పోవడమే ఒక నరకం. ఊరి సచివాలయంలో పరీక్షకు స్లాట్ తీసుకోవాలి. స్లాట్ దొరికిన రోజు ఆటో మాట్లాడాలి. మామూలు ఆటోలో కూర్చోలేని మనిషిని పడుకోబెట్టి తీసుకుపోవాలి కాబట్టి రెండింతలు అడుగుతారు. ఇద్దరు మగవాళ్ళు ఎత్తడానికి కావాలి, వాళ్ళ ఒక రోజు కూలి పోతుంది. ఆసుపత్రికి పోతే స్ట్రెచర్ ఉండదు. వరండాలో దుప్పటి పరిచి పడుకోబెట్టి కాచుకోవాలి. ఒంటికి, రెంటికి అక్కడే, అందరి ముందే. డాక్టరు దగ్గర రెండు నిమిషాలు. డాక్టర్లను తిట్టడం మన ఉద్దేశం కాదు. ఒక పూటలో వందమందిని చూడమంటే వాళ్ళు మాత్రం ఏం చూస్తారు? ఆ పని అట్లా చెయ్యమన్నవాళ్ళను అడుగుతున్నాం.

దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయంటారు. ఉన్నాయి! మనకూ తెలుసు. నడిచి తిరిగేవాడు వికలాంగ పింఛను తీసుకుంటుంటే అందరికంటే ముందు కడుపు మండేది మనకే. అది మన నోటి దగ్గరి ముద్ద. ఆ సర్టిఫికెట్టు ఎవరు అమ్మారు? ఏ బ్రోకరు ఎంత తిన్నాడు? ఎవరు సంతకం పెట్టారు? ముందు వాళ్ళను పట్టుకోండి. పోలీసు కేసు పెట్టండి, మేమే సాక్ష్యం చెబుతాం. దొంగను పట్టుకునే పేరుతో వీధిలో ప్రతి ఇంటి తలుపూ పగలగొడితే ఎట్లా? అర్హుడని రుజువు చేసుకునే భారం మంచం దిగలేని మనిషి మీద వేస్తే ఎట్లా? తప్పు పట్టుకునేదాకా పింఛను ఆపకూడదు. తప్పు రుజువయ్యాకే ఆపాలి. ముందు కోసి తర్వాత విచారణ అనే పద్ధతి ఇకపై చెల్లదు!

ఢిల్లీ వైపు కూడా ఒకసారి చూద్దాం. కేంద్రం ఇచ్చే ఇందిరా గాంధీ జాతీయ వికలాంగ పింఛను ఎంతో తెలుసా? నెలకు 300 రూపాయలు! మూడు వందలు! అదీ 80 శాతం వైకల్యం ఉండాలి, దారిద్ర్య రేఖ కింద ఉండాలి. 2012లో 300 చేశారు. అప్పటి నుంచి కదల్లేదు. 2012లో కందిపప్పు కిలో ఎంత, ఇవాళ ఎంత? గ్యాస్ బండ ఎంత, ఇవాళ ఎంత? పెంచకుండా పన్నెండేళ్ళకు పైగా వదిలేయడం కూడా కోతే! చప్పుడు లేని కోత. నోటీసు రాదు కాబట్టి మనం గమనించలేదు. వృద్ధులకు, వితంతువులకు, వికలాంగులకు కలిపి కేంద్రం పెట్టే సామాజిక సహాయ పద్దు 2024-25లోనూ 2025-26లోనూ అదే 9,652 కోట్లు. పైసా పెరగలేదు. వికలాంగుల హక్కుల చట్టం అమలు కోసం పెట్టే పద్దు సంగతి ఇంకా ఘోరం. 2022-23లో 240 కోట్లు చూపించారు. 2025-26కు 115 కోట్లకు పడిపోయింది. సగం కూడా లేదు! కేంద్రం చెయ్యి తీసేస్తే బరువంతా రాష్ట్రం మీద పడుతుంది. రాష్ట్రం ఆ బరువును మన నెత్తిన పడేస్తుంది. కింద నలిగేది ఎవరు?

తెలంగాణలో ఉన్న మన చుట్టాల సంగతీ ఇంతే. అక్కడ వికలాంగ పింఛను 4,016. 2023 ఎన్నికల్లో 6,000 చేస్తామని మాటిచ్చారు. ఓట్లు పడి రెండేళ్ళు గడిచినా 4,016 దగ్గరే! నల్గొండలో మంచాన ఉన్న మనిషి ఆకలికీ నరసరావుపేటలో మంచాన ఉన్న మనిషి ఆకలికీ తేడా ఉంటుందా? కృష్ణకు ఇటూ అటూ ఉన్న ఇళ్ళన్నీ ఒక్క గొంతుతో అడగాల్సిన రోజొచ్చింది.

మనం అడిగేది దానం కాదు. చట్టం! 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. పార్లమెంటు చేసిన చట్టం. అందులో 24వ సెక్షన్ తీసి చూడండి. ఎక్కువ సాయం అవసరమైన వికలాంగులకు, వాళ్ళను చూసుకునే మనిషి కోసం భత్యం ఉండాలని రాసి ఉంది. సంరక్షకుల భత్యం! 38వ సెక్షన్ ప్రకారం, ఎక్కువ సాయం కావాలని అర్జీ పెట్టుకుంటే బోర్డు వేసి పరిశీలించాలి. 5వ సెక్షన్ ప్రకారం, వికలాంగులు నలుగురితో కలిసి తమ ఇంట్లో, తమ ఊళ్ళో బతికే హక్కు ఉంది, దానికి కావాల్సిన సాయం ఇంటి దగ్గరే అందాలి. చట్టం వచ్చి ఇన్నేళ్ళయింది. సంరక్షకుల భత్యం అనే పేరుతో ఒక్క రూపాయి మన గడప తొక్కిందా? ఆ సెక్షన్ మన ఎమ్మార్వో ఆఫీసు గోడ మీద ఎప్పుడైనా చూశారా?

వేరే రాష్ట్రంలో చేశారు కదా! కేరళలో ఆశ్వాసకిరణం అని ఒక పథకం ఉంది. మంచాన ఉన్నవాళ్ళను చూసుకునే మనిషికే నెలకు 600 రూపాయలు. చాలా తక్కువ, అక్కడా నెలల తరబడి బకాయిలు పెట్టారు, ఆ తల్లులూ కొట్లాడుతున్నారు. కానీ చూసుకునే మనిషి ఒకరున్నారని, ఆమెదీ పనేనని ఆ ప్రభుత్వం ఒప్పుకుంది. మన ప్రభుత్వం ఆ మాత్రం కూడా ఒప్పుకోలేదు. ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక ఎంత ఇవ్వాలో కూర్చుని మాట్లాడదాం. ఉపాధి కూలి కంటే తక్కువ మాత్రం మాట్లాడం!

చిన్నపిల్లలున్నవాళ్ళు కూడా వినండి. మండలంలో భవిత కేంద్రం ఉంది. అక్కడ ఫిజియోథెరపీ చేస్తారు. రాలేని పిల్లల ఇంటికి టీచరు వస్తుంది. ఉన్నంతలో మంచిదే. కానీ పిల్లాడికి పద్దెనిమిది దాటగానే ఆ తలుపు మూసుకుంటుంది. పద్దెనిమిది దాటితే కాళ్ళు వస్తాయా? అప్పుడే కదా బరువు పెరిగేది, కీళ్ళు బిగుసుకునేది, తల్లి ముసలిదయ్యేది! 104 బండి ఊళ్ళోకి వస్తుంది. రచ్చబండ దగ్గర ఆగుతుంది. మంచం దగ్గరికి ఎన్నిసార్లు వచ్చింది? పుండుకు కట్టు కట్టేవాళ్ళు, పైపు మార్చేవాళ్ళు, కాళ్ళకు కసరత్తు చేయించేవాళ్ళు నెలకు రెండుసార్లు ఇంటికి రావాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. పుండు ముదిరి ఆసుపత్రిలో చేర్చితే ప్రభుత్వానికయ్యే ఖర్చు ముందు ఇదెంత!

ఇంకో మాట. ఇది పైకి అనం. రాత్రి దీపం ఆర్పాక మనలో మనం అనుకుంటాం. నేను పోయాక వీణ్ణి ఎవరు చూస్తారు? అరవై ఏళ్ళ తల్లి, నలభై ఏళ్ళ కొడుకు. కొందరు తల్లులు ఏం మొక్కుకుంటారో మీకు తెలుసు. నాకంటే ఒక రోజు ముందు నా బిడ్డను తీసుకుపో స్వామీ అని! కన్నతల్లి చేత ఆ మొక్కు మొక్కించే రాజ్యం మనకెందుకు? ఆ తల్లి గుండెల్లో ధైర్యం నింపాల్సిన డబ్బు మీదా కత్తి పెట్టేది?

ఇక కూర్చుని ఏడ్చింది చాలు! ఏం చేయాలో చెప్పుకుందాం.

నోటీసు వచ్చినవాళ్ళు భయపడి ఊరుకోకండి. అది తీర్పు కాదు. ఊళ్ళల్లో ఉన్నవాళ్ళు ఎంపీడీవోకు, పట్టణాల్లో ఉన్నవాళ్ళు మున్సిపల్ కమిషనర్‌కు అప్పీలు రాయండి. రాయడం రాకపోతే మా దగ్గరికి రండి, రాసి పెడతాం. అప్పీలు ఇచ్చిన ప్రతిసారీ రసీదు అడగండి. రసీదు లేకుండా కాగితం చేతికివ్వకండి! ఎందుకు తగ్గించారో కారణం రాసిమ్మని అడగండి. నోటిమాట వినొద్దు. పరీక్షకు పోయే ముందు మంచం దగ్గర ఫోన్లో వీడియో తీయండి. ఎట్లా దొర్లిస్తున్నారో, ఎట్లా తినిపిస్తున్నారో, పుండు ఎట్లా ఉందో తీయండి. డాక్టరుకు చూపించండి. పాత సదరం వైకల్య సర్టిఫికెట్టు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, స్కానింగులు, మందుల చీటీలు ఒక్క సంచిలో పెట్టుకోండి. ఒక్క కాగితం కూడా పారేయొద్దు.

అప్పీలు కూడా కొట్టేస్తే? లాయరుకు డబ్బుల్లేవని వెనక్కి తగ్గొద్దు. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం వికలాంగులకు లాయరు ఉచితం. ఆదాయంతో పని లేదు. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. వెళ్ళి తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వండి, లాయరును వాళ్ళే ఇస్తారు. వికలాంగుల కమిషనర్‌కూ ఫిర్యాదు పంపండి. అధికారులను పిలిపించి విచారించే అధికారం చట్టం ఆయనకు ఇచ్చింది. ఆ అధికారం వాడమని అడుగుదాం.

నోటీసు రానివాళ్ళారా! మనకు రాలేదులే అని ఊరుకోకండి. పక్కింటికి వచ్చింది. రేపటి తనిఖీలో మన పేరుండదని ఎవరు రాసిచ్చారు? ఆటో నడిపే తమ్ముళ్ళారా, మా బిడ్డల్ని ఎన్నిసార్లు ఎత్తి కూర్చోబెట్టారో మీకే తెలుసు, మీరూ సాక్షులే! ఆశా అక్కల్లారా, ఏఎన్ఎం అమ్మలారా, మా పుండ్లు మీరు చూశారు, మా ఇళ్ళు మీకు తెలుసు. మీ మీదా పని భారం ఉంది, మీకూ జీతం చాలదు. మనిద్దరిదీ ఒకటే కష్టం. మీరు కూడా రండి!

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజు. ప్రజా సమస్యల పరిష్కార వేదిక అని పేరు పెట్టారు కదా, మన సమస్య అక్కడ పెడదాం. ఒక్కొక్కరం విడివిడిగా పోతే ఒక్కొక్క కాగితం అవుతుంది, ఫైల్లో పడుతుంది. అందరం కలిసి పోదాం! గేటు దగ్గరే ఆగిపోకుండా లోపల, కలెక్టరుగారి ఎదుట కూర్చుందాం. మనం అడిగేవి సూటిగా అడుగుదాం. తగ్గించిన పింఛన్లు మళ్ళీ పరీక్ష తేలేదాకా పూర్తిగా ఇవ్వాలి. కదల్లేనివాళ్ళకు పరీక్ష ఇంటి దగ్గరే జరగాలి, సాకే మనిషి మాట రాసుకోవాలి. ఎన్ని గంటల సాయం కావాలో చూసి పింఛను కట్టాలి, ఒక్క శాతం తేడాకు తొమ్మిది వేలు కోయకూడదు. చట్టంలో ఉన్న సంరక్షకుల భత్యం ఈ బడ్జెట్‌లోనే పెట్టాలి. నర్సు, ఫిజియో మంచం దగ్గరికి రావాలి. ఢిల్లీకి రాష్ట్రం గట్టిగా రాయాలి, ఆ మూడు వందలు సిగ్గుచేటని!

మంచాన ఉన్న మనిషిని తీసుకురాలేని ఇళ్ళవాళ్ళు ఇంటికొకరు రండి. ఆ పూట మంచం దగ్గర ఉండటానికి మా వైపు నుంచి మనిషిని పంపిస్తాం. ముందు రోజు సాయంత్రమే చెప్పండి. ఏ టైముకు పక్క మార్చాలో, ఏ మాత్ర ఎప్పుడు వేయాలో కాగితం మీద రాసిపెట్టండి, అట్లాగే చేస్తాం. తీసుకురాగలిగినవాళ్ళు తీసుకురండి. దుప్పటి, తాగే నీళ్ళు, మార్చే గుడ్డలు తెచ్చుకోండి. ఆటోకు డబ్బుల్లేవని ఎవరూ ఆగిపోవద్దు. ఊరికి రెండు ఆటోలు మాట్లాడుతున్నాం, ఖర్చు అందరం పంచుకుందాం. ఉదయం తొమ్మిదింటికల్లా బస్టాండు దగ్గర కలవండి. పదింటికి కలెక్టరేట్ లోపల ఉండాలి.

ఈ కాగితం చదివాక ఇంకో నాలుగిళ్ళకు ఇవ్వండి.

సోమవారం! అందరం!

ఇట్లు,
మంచాన ఉన్నవాళ్ళను సాకుతున్న తల్లులం, తండ్రులం, అక్కచెల్లెళ్ళం, అన్నదమ్ములం